పెట్రోల్ కారా, కరెంటు కారా?

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటింది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారైతే కిలోమీటరుకు 7 రూపాయల పైనే పడుతుంది. ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కి 6 కిలోమీటర్లు వెళ్లినా, ఇంటి కరెంటుతో రూపాయిన్నరకు అటూ ఇటూ. రోజూ ఆఫీసుకు తిరిగేవాళ్లను లాగుతున్నది ముందుగా ఈ తేడానే. పైగా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. 2026 చివరిదాకా ఆ వెసులుబాటు ఉంది. జీఎస్టీ కూడా 5 శాతమే.

కొనే ధర మాత్రం పెట్రోల్ కారుదే తక్కువ. దూర ప్రయాణాల్లోనూ దానికి టెన్షన్ లేదు, 5 నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. సంక్రాంతి రద్దీలో విజయవాడ హైవే మీద ఛార్జర్ కోసం ఆగాలంటే ఓపిక కావాలి.

పార్కింగ్‌లో సొంత ప్లగ్ పాయింట్ ఉంటే నేను కరెంటు కారే కొనమంటాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోకపోతే, బయటి ఫాస్ట్ ఛార్జర్ల రేటుకు ఆ మిగులు బాగా తగ్గిపోతుంది.