నీలం దీపం ఆరేదాకా

మైలేజీ, డిక్కీ, స్క్రీను సైజు గురించి అందరూ రాసేశారు. నేను మీటర్ల పక్కన వెలిగే, ఇంజను ఇంకా చల్లగా ఉందని చెప్పే చిన్న నీలం దీపం గురించి రాస్తాను. ఈ బీఎస్6 పెట్రోల్ బండి కొని ఏళ్ళు గడిచాయి, ఇప్పటికీ నాకు ఇందులో బాగా నచ్చింది అదే.

మాది విజయనగరం కంటోన్మెంటు. బండి రాత్రంతా ఆరుబయటే. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ఆ దీపం వెలుగుతుంది, ఇంజను 1300 ఆర్‌పీఎం దగ్గర హోరెత్తుతుంది. కాసేపటికి దిగుతూ దిగుతూ 800 దగ్గర కుదురుకుంటుంది. కొన్న కొత్తలో పక్కింటి మావయ్యగారు గోడ మీంచి తొంగిచూసి, "ఏటి బాబూ, ఎక్సలేటరు గానీ ఇరుక్కుపోనాదేటి?" అన్నారు. ఆయన అంబాసిడర్ కాలం మనిషి. చోక్ (చల్లటి ఇంజనుకి పెట్రోలు పాలు పెంచే మీట) లాగి స్టార్ట్ చేసి, ఇంజను దారికొచ్చాక చేత్తోనే వెనక్కి తోసేవారట. ఆ పని ఇప్పుడు కంప్యూటర్ చూసుకుంటోంది, దాంతోపాటు ఇంకోటి కూడా.

చల్లటి ఇంజన్లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, అందుకని కొంచెం ఎక్కువ పొయ్యాలి. ఆయిలు చిక్కగా ఉంటుంది. ఇదంతా చోక్ రోజుల్లోనూ ఉన్నదే. కొత్త గొడవ సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ది. సుమారు 300 డిగ్రీలు వస్తే గానీ అది పొగలోని విషవాయువుల పని పట్టదు. దాన్ని తొందరగా వేడెక్కించడానికి కంప్యూటర్ స్పార్కుని కావాలనే ఆలస్యంగా ఇస్తుంది. దాంతో మంట వేడిలో చాలా భాగం పిస్టన్‌ని తొయ్యకుండా పొగతోపాటు బయటికి పోయి కన్వర్టర్‌ని కాలుస్తుంది. బలం తగ్గిన ఇంజను ఆగిపోకూడదు కదా, అందుకని గాలీ పెట్రోలూ ఎక్కువ వదులుతుంది. మనకి వినపడే హోరు అదే. మే నెలలో కూడా పొద్దున్న ఈ అరుపు తప్పదు. 90 డిగ్రీల దగ్గర హాయిగా ఉండే యంత్రానికి మన 30 డిగ్రీలు చలే మరి.

దీపం ఆరేదాకా నిలబెట్టి ఉంచక్కర్లేదు. ఒక్క అరనిమిషం ఆగి, తొక్కకుండా నెమ్మదిగా బయల్దేరితే దారిలోనే ఇంకా తొందరగా వేడెక్కుతుంది. ఒక్క చిరాకేమిటంటే, మా గేటు ముందు వాలుంది. ఆ హోరులో క్లచ్ కొంచెం వదిలితే చాలు, రివర్సులో బండి ముందుకన్నా ఆత్రంగా పోతుంది. వీధిలో ఆవులు పడుకుని ఉంటాయి. నాన్నగారికైతే ఆ సమయంలో తాళం ఇవ్వను.

ఇక అసలు కథ. చలికాలంలో అరకు వెళ్ళొస్తున్నాం. అనంతగిరి ఘాట్ దిగుతుంటే, ఎప్పుడో ఆరిపోయిన నీలం దీపం మళ్ళీ వెలిగింది! బండి వేడెక్కిపోతే భయపడాలని తెలుసు గానీ, దిగుతూ దిగుతూ చల్లబడిపోవడం ఏమిటి? ఎస్.కోటలో టీకి ఆగితే, అంత దూరం తిరిగొచ్చిన ఇంజను పొద్దున్నలాగే అరుస్తోంది. సర్వీస్ సెంటర్లో చూపిస్తే "చలి కదండీ, నార్మలే" అని కడిగి పంపేశారు. తర్వాత పెట్రోలు ఖర్చు పెరుగుతూనే ఉంది.

చివరికి మా వీధి చివరి మెకానిక్ స్కానర్ తగిలించి, పక్కన కూర్చుని, ఊరంతా తిప్పించాడు. కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే నీళ్ళు) వేడి 60 డిగ్రీలు దాటి చాలాసేపు నిలవలేదు. "ఇది వేడెక్కిపోడం కాదు బాబూ, వేడెక్కనేకపోడం. థర్మోస్టాట్ తెరిసే ఉండిపోనాది" అన్నాడు. ఇంజను వేడెక్కేదాకా మూసుకుని ఉండాల్సిన వాల్వు అది. తెరుచుకుని ఉండిపోతే నీళ్ళు మొదటి నుంచీ రేడియేటర్‌కి పోతూనే ఉంటాయి. ఘాట్ దిగేటప్పుడు ఇంజనుకి పని లేదు, ఎదురుగాలి మాత్రం పుష్కలం, ఇంకేం వేడి మిగులుతుంది? సెన్సరేమో చలిగా ఉందని నిజమే చెబుతోంది, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తోంది. వాల్వు మార్చి కొత్త కూలెంట్ పోశాక మళ్ళీ మామూలైంది.

దీపం లేకపోతే ఇది తెలిసేదే కాదు. అలాగని, కంపెనీ వాడు దీపం పెట్టి ముల్లు తీసేశాడన్నది కూడా అప్పుడే గుచ్చుకుంది. పాత బండ్లలో ఇంజను వేడి చూపిస్తూ సి (చల్లన) నుంచి హెచ్ (వేడి) దాకా కదిలే ముల్లు ఉండేది. అది సగానికి రాకుండా ఆగిపోతే మొదటి వారంలోనే అనుమానం వచ్చేది. నీలానికి చల్లదనం తెలుసు, ఎరుపుకి ప్రమాదం తెలుసు, మధ్యలో ఏం జరుగుతోందో ఈ బండి చెప్పదు. మైలేజీ అదిరిందని బావకి చెప్పి ఇదే మోడల్ కొనిపించాను. ఆయన రోజూ విశాఖపట్నం వెళ్ళొస్తాడు కాబట్టి ఆ మాట నిలబడింది. నెల్లిమర్ల దాకా వెళ్ళి ఆపేసే నాలాంటివాళ్ళకి, ఇంజను కాగేలోపే ఊరొచ్చేస్తుంది, ఆ లెక్క రాదు. మా ఇంటి వాలూ, నా చిన్న ప్రయాణాలూ లేనివాళ్ళు నా అభిప్రాయాన్ని కొంచెం తగ్గించుకుని చదవండి.

సెకండ్ హ్యాండ్‌లో ఈ బండి చూసేవాళ్ళు మాత్రం పొద్దున్నే, యజమాని స్టార్ట్ చెయ్యకముందే వెళ్ళండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అప్పటికే వెచ్చగా ఉంటే టీ తాగి వచ్చేసి, మర్నాడు ఇంకా ముందు వెళ్ళండి.