పాత పేజీకి మెరుగులా, కొత్త పేజీయా: ఏది మేలు?

సెర్చ్ నుంచి వచ్చే పాఠకులు తగ్గగానే చాలామంది చేసే మొదటి పని కొత్త పేజీలు రాయడం. వారానికి రెండని, మూడని లెక్క పెట్టుకుని మరీ రాస్తారు. సైట్‌కు ఏడాది దాటి ఉంటే ఆ శ్రమలో సగమైనా పాత పేజీల మీద పెట్టడం మేలు. అలాగని ప్రతి పాత పేజీకీ తిరగరాతే మందు కాదు. తిరగరాయడం, కొత్తది రాయడం, రెండుమూడింటిని కలిపి ఒకటి చేయడం అని మూడు దారులున్నాయి. ఏ పేజీకి ఏ దారో దాని అంకెలు చూసే తేల్చాలి.

ముందు అంకెలు

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సెర్చ్‌లో మీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ ఉచిత సాధనం) పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరవండి. అక్కడ 16 నెలల సమాచారం దొరుకుతుంది. గత 3 నెలలను కిందటేడాది అవే 3 నెలలతో పోల్చండి. వెంటనే ముందున్న 3 నెలలతో పోలిస్తే, సీజన్ పోయి తగ్గిన పేజీ కూడా పాడైన పేజీలాగే కనిపిస్తుంది.

ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) బాగా ఉండి, ఫలితాల వరసలో స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న పేజీలు తిరగరాతకు మొదటి వరసలోకి వస్తాయి. ఈ విషయానికి ఈ పేజీ సంబంధించిందేనని సెర్చ్ ఇంజిన్ ఇప్పటికే గుర్తించింది, పైనున్న వాటికంటే మేలని మాత్రం అనుకోవడం లేదు. ఇక్కడొక జాగ్రత్త: పేజీకి చూపించే స్థానం అన్ని క్వెరీల (జనం వెతికిన మాటల) సగటు. ముఖ్యమైన క్వెరీలో 4లో ఉండి, సంబంధం లేని వాటిలో 60లో ఉన్నా సగటు దెబ్బతింటుంది. అందుకే పేజీని ఎంచుకుని, లోపలికెళ్లి క్వెరీ వారీగా చూడాలి.

మొదటి మూడు స్థానాల్లో ఉండీ క్లిక్‌లు రాకపోతే, లోపం శీర్షికలోనో వివరణ వాక్యంలోనో ఉండొచ్చు. లేదా జవాబు ఫలితాల పేజీలోనే దొరికిపోతుండొచ్చు. అలాంటప్పుడు వ్యాసమంతా మార్చడం దండగ.

తిరగరాయడం ఎప్పుడు గెలుస్తుంది

ల్యాప్‌టాప్ బ్యాటరీ త్వరగా అయిపోవడం గురించి ఒక పేజీ ఉందనుకోండి. దాని క్వెరీల్లో "స్లీప్‌లో పెట్టినా ఛార్జ్ తగ్గుతోంది", "బ్యాటరీ ఆరోగ్యం ఎలా చూడాలి" లాంటివి కనిపిస్తాయి. పేజీలో వాటికి ఉన్నది చెరో వాక్యం. ఎక్కడ తిరగరాయాలో ఆ క్వెరీలే చూపిస్తున్నాయి. "బ్యాటరీ పాతదై ఉండొచ్చు" అని వదిలేయకుండా, విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్ట్ తెరిచి డిజైన్ కెపాసిటీని, ఫుల్ ఛార్జ్ కెపాసిటీని ఎలా పోల్చాలో అడుగడుగునా చెప్పండి. రెండో అంకె మొదటిదానిలో సగానికి పడిపోతే సెట్టింగులతో బాగుపడదని తేల్చి చెప్పండి. పాఠకుడు మరో సైట్‌కు పోవాల్సిన పని ఉండకూడదు.

పదాల సంఖ్య పెంచితే ర్యాంకు పెరుగుతుందన్న నమ్మకాన్ని వదిలేయండి. తమకు నచ్చే పదాల సంఖ్య అంటూ ఏదీ లేదని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది.

తిరగరాత వికటించేది ఎక్కువగా నాలుగు చోట్ల. ఒకటి, యూఆర్ఎల్ (పేజీ చిరునామా) మార్చడం. చిరునామాలో ఏడాది అంకె పెట్టిన సైట్లకు ఈ తిప్పలు ఏటా తప్పవు. రెండు, పాతబడిందనిపించిన భాగాన్ని తీసేయడం. అదే పదిపదిహేను క్వెరీలను తెస్తూ ఉండొచ్చు, తీసే ముందు చూసుకోవాలి. మూడు, లోపల ఏమీ మార్చకుండా తేదీ మాత్రమే మార్చడం. దానివల్ల ర్యాంకు రాదు, పాత సమాచారాన్నే కొత్తదని నమ్మిన పాఠకుడు మాత్రం మోసపోతాడు. సైట్‌మ్యాప్‌లో (సెర్చ్ ఇంజిన్ల కోసం ఉంచే పేజీల జాబితాలో) చివరిసారి మార్చిన తేదీని కూడా అది నిలకడగా నిజమైతేనే గూగుల్ పట్టించుకుంటుంది. నాలుగు, శీర్షిక, ఉపశీర్షికలు, పాఠం అన్నీ ఒకే రోజు మార్చేయడం. తర్వాత పెరిగినా తగ్గినా కారణం తెలియదు.

కొత్త పేజీ ఎప్పుడు తప్పదు

పాఠకుడి అవసరమే వేరైనప్పుడు. "బ్యాటరీ ఉబ్బింది" అని వెతికేవాడికి ఛార్జ్ ఆదా చిట్కాలు అక్కర్లేదు. వెంటనే ఛార్జర్ తీసేసి ల్యాప్‌టాప్ ఆపేయాలని, ఉబ్బిన దాన్ని నొక్కకూడదని, గుచ్చకూడదని, చెత్తబుట్టలో వేయకూడదని మొదటి నాలుగు వాక్యాల్లోనే తెలియాలి. దీన్ని పాత పేజీలో తొమ్మిదో భాగంగా ఇరికిస్తే ఆ పేజీకీ మేలు లేదు, ఈ పాఠకుడికీ మేలు లేదు.

సందేహం ఉంటే రెండు ప్రశ్నలనూ ప్రైవేట్ విండోలో వెతికి, మొదటి 10 ఫలితాలను పక్కపక్కన పెట్టుకోండి. ఆరేడు ఒకటే అయితే ఒక పేజీ చాలు. ఒకటి రెండే కలిస్తే రెండు పేజీలు కావాలి. ఇది గూగుల్ పెట్టిన నియమం కాదు, పని జరిపించే కొలత మాత్రమే.

కొత్త పేజీకి వచ్చే మొదటి కష్టం ఒంటరితనం. మెనూలో లేక, ఏ వ్యాసం నుంచీ లింకు లేక, సెర్చ్ కన్సోల్‌లోని "డిస్కవర్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" జాబితాలో వారాల తరబడి ఉండిపోతుంది. అంటే చిరునామా గూగుల్‌కు తెలుసు, ఇంకా చదివి తన ఇండెక్స్‌లో (ఫలితాలు తీసే భండారంలో) చేర్చుకోలేదు. ప్రచురించిన రోజే సంబంధమున్న మూడు నాలుగు పాత పేజీల నుంచి లింకులివ్వండి. లింకు మాటల్లో "ఇక్కడ నొక్కండి" కాకుండా విషయమే ఉండాలి. "క్రాల్డ్" అని ఉండి ఇండెక్స్ కాకపోతే సంగతి వేరు: గూగుల్ చదివింది, ఉంచుకోలేదు. అప్పుడు పాఠాన్నే అనుమానించాలి. ఇండెక్స్ చేయమని మళ్లీ మళ్లీ నొక్కినంత మాత్రాన పని వేగంగా జరగదు.

సైట్ కొత్తదై, పేజీలు పదిపదిహేనే ఉంటే ఈ పోలికే అనవసరం. చూడటానికి అంకెలుండవు కాబట్టి కొత్తవే రాయాలి. కానీ ర్యాంకుల కోసం గుంపులుగా పేజీలు పుట్టించొద్దు. 2024 మార్చిలో గూగుల్ అలాంటి రాతను స్పామ్ విధానాల్లో చేర్చింది. మనిషి రాశాడా, యంత్రం రాసిందా అన్నదానితో దానికి పనిలేదు.

మరిచిపోయే మూడో దారి

నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఇచ్చేది ఇదే. ఒక క్వెరీని ఫిల్టర్ చేసి పేజీల ట్యాబ్ చూడండి. మీవే రెండు చిరునామాలు ఇంప్రెషన్లను పంచుకుంటూ, రెండూ ఫలితాల రెండో పేజీలో ఊగిసలాడుతుంటే వాటిని కలపాలి. బయటి లింకులు, క్లిక్‌లు ఎక్కువున్న దాన్ని ఉంచండి. రెండోదానిలో మాత్రమే ఉన్న విషయాన్ని అందులోకి తెచ్చి, ఖాళీ అయిన చిరునామాకు 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవారిని ఉంచిన పేజీకి శాశ్వతంగా మళ్లించే ఏర్పాటు) పెట్టండి. దాన్ని కనీసం ఏడాది ఉంచాలి, వీలైతే ఎప్పటికీ. హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే లేని పేజీగా, లెక్కేయొచ్చు. సైట్ లోపలి పాత లింకులను కూడా నేరుగా కొత్త చిరునామాకు మార్చి, పాతదాన్ని సైట్‌మ్యాప్ నుంచి తీసేయండి. కెనానికల్ ట్యాగ్ (ఒకేలాంటి పేజీల్లో అసలైనది ఇదని చెప్పే గుర్తు) దీనికి సాటి రాదు. పాత పేజీ పాఠకులకు తెరుచుకుంటూనే ఉంటుంది, గూగుల్‌కు ఆ ట్యాగ్ సూచన మాత్రమే.

మూడింట్లో ఏది చేసినా తేదీ, మార్పు రాసిపెట్టుకుని కొన్ని వారాలు ఆగండి. కొన్ని మార్పులు గంటల్లో కనిపిస్తాయి, కొన్నిటికి నెలలు పడుతుంది. వారం తిరక్కుండానే మళ్లీ చెయ్యి పెడితే రెండు మార్పుల ఫలితమూ కలిసిపోతుంది.