నీటి తుంగ ప్రోట్రే నారు: ఏది కొనొచ్చు, ఏది వద్దు

పొలంలో తుంగ కనబడితే పీకి గట్టు మీద పారేసే చేతులకు, అదే కుటుంబపు మొక్కను ట్రేల లెక్కన కొనడం విడ్డూరంగానే ఉంటుంది. పొలాన్ని పట్టి పీడించేది సైపరస్ రోటండస్. మట్టిలో గొలుసుకట్టుగా గడ్డలు వేసుకుంటూ పోయే రకం అది. ఇక్కడి సంగతి వేరు. కుంటల అంచుల్లో, చిత్తడి నేలల్లో తమంతట తాము పెరిగి ఒడ్డు మట్టి జారకుండా పట్టి ఉంచే స్థానిక తుంగల గురించి ఈ సమీక్ష: కేరెక్స్, షీనోప్లెక్టస్, ఎలియోకారిస్, నీటిలో పెరిగే సైపరస్‌లు. నర్సరీల్లో ఇవి నాలుగు రూపాల్లో దొరుకుతాయి: ప్రోట్రే (చిన్న గడులున్న ప్లాస్టిక్ ట్రే) నారు, మట్టి దులిపిన దుబ్బు ముక్కలు, విత్తనాల ప్యాకెట్, జాలీ బుట్టలో పెరిగిన పెద్ద మొక్క. మా తీర్పు ముందే చెప్పేస్తాం. లోతు గడుల ప్రోట్రే నారు కొనండి. విత్తనాల ప్యాకెట్ జోలికి పోకండి. మిగతా రెండూ అవసరాన్ని బట్టి.

ట్రే చేతికి రాగానే మొదట చూడాల్సింది లేబుల్. దాని మీద శాస్త్రీయ నామం రెండు ముక్కలూ ఉండాలి, విత్తనం ఏ ప్రాంతంలో సేకరించారో కూడా ఉంటే మరీ మంచిది. ఒట్టి ‘కేరెక్స్’ అని రాసి ఉంటే ఆ ట్రే మనకు పనికిరాదు. కేరెక్స్‌లో దాదాపు రెండు వేల జాతులున్నాయి, అన్నీ నీటిలో బతకవు. చారల ఆకులతో ముచ్చటగా ఉండే కేరెక్స్ ఒషిమెన్సిస్‌ను చెరువు అంచు మొక్కల పక్కనే పెట్టి అమ్ముతుంటారు. అది జపాన్ అడవుల మొక్క, నిలవ నీటిలో కుళ్లిపోతుంది. గొడుగులా ఆకులు విప్పుకునే సైపరస్ ఇన్‌వాల్యూక్రాటస్ ఆఫ్రికాది. నీళ్లంటే దానికి ప్రాణమే, కానీ బయటి నేలల్లో స్థానిక మొక్కలను తొక్కేస్తుంది. ‘నీటి మొక్క’ అన్న మాట ఒక్కటే చూసి కొంటే ఈ రెండింట్లో ఏదో ఒకటి ఇంటికొస్తుంది.

గడి లోతు దగ్గర బేరం లేదు. కూరగాయల నారు పెంచే 98 గడుల ట్రేలోనూ తుంగ మొలుస్తుంది, అమ్ముతారు కూడా. దాని లోతు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. ఒడ్డున నాటితే పై పొర ఆరిన మొదటి వారంలోనే వేరు ఎండుతుంది, నీళ్లు పెరిగితే మొక్క తేలిపోతుంది. గడి 5 సెం.మీ. వెడల్పు, 10 నుంచి 12 సెం.మీ. లోతు ఉండే 50 గడుల ట్రే తీసుకోండి. ధర ఎక్కువే. కానీ నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో లెక్క వేస్తే చివరికి ఇదే చవక.

కొనేముందు ఒక మొక్కను మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. వేరు ముద్ద మొత్తం విడిపోకుండా బయటికి రావాలి. పిలక ఒక్కటే చేతికొచ్చి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) గడిలో మిగిలిపోతే ఆ నారు ఇంకా నెల రోజులు పచ్చిది. వేళ్లు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండాలి. వేళ్ల మీద తుప్పు రంగు పూత కనిపిస్తే కంగారు పడి ట్రే వెనక్కి ఇవ్వకండి, అది మంచి గుర్తు. ఆకుల నుంచి కిందికి దిగిన ఆక్సిజన్ వేరు బయటికి ఊరి, నీటిలోని ఇనుమును తుప్పుగా మారుస్తుంది. వేరు పని చేస్తోందనడానికి అదే సాక్ష్యం. నల్లగా, కుళ్లిన గుడ్ల వాసన వేస్తేనే వద్దనాలి. గడి పైభాగాన సన్నటి నల్లటి గడ్డలు, సుగంధపు వాసన తగిలితే పొలం తుంగ దూరిందన్నమాట. ఒక్క గడ్డ చాలు, ఒడ్డంతా అదే అవుతుంది. ఆ ట్రేను గుమ్మం దాటనివ్వకండి. షేడ్ నెట్ కిందే పెరిగిన నారయితే ఆకులు పొడవుగా సాగి వాలిపోయి ఉంటాయి. వారం రోజులు 2 సెం.మీ. నీళ్లున్న పళ్లెంలో ట్రే పెట్టి, కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేశాకే నాటాలి.

ఎన్ని కావాలన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. 30 సెం.మీ. దూరంలో నాటితే చదరపు మీటరుకు 11 మొక్కలు పడతాయి, అంటే ఒక ట్రే నాలుగున్నర చదరపు మీటర్లకు సరిపోతుంది. 45 సెం.మీ. అయితే చదరపు మీటరుకు 5. ఒడ్డు కోత ఉన్న చోట 30 దాటనివ్వొద్దు. మట్టిలో అడ్డంగా సాగే కాండంతో పక్కకు పాకే రకాలకు 45 చాలు, అదే దుబ్బు కట్టే రకాలయితే ఆ ఖాళీల్లో జమ్ము మొలుస్తుంది.

నాటడం సులువే, తేలిపోకుండా చూడటమే కష్టం. కోకోపీట్ తేలిక కాబట్టి ట్రేను ముందు అరగంట నీళ్లలో ముంచి గాలి బుడగలు ఆగేదాకా ఉంచాలి. గుంత వేరు ముద్దంత లోతే ఉండాలి. మొదలు మట్టి మట్టానికి రావాలి. అది మట్టిలో కూరుకుపోతే పిలకలు కుళ్లుతాయి, పైకి ఉంటే ఎండుతాయి. అడుగున వేళ్లు చుట్టలు తిరిగి ఉంటే సెంటీమీటరు మేర కత్తిరించేయండి. మెత్తటి బురదలో కాలితో తొక్కినా మొక్క నిలవదు. 20 సెం.మీ. పొడవున్న, U ఆకారంలో వంచిన లోహపు తీగ ఒకటి వేరు ముద్ద మీదుగా దిగేయాలి.

ఎక్కువ మంది దెబ్బతినేది నీటి మట్టం దగ్గర. తుంగ నీటి మొక్కే కదా అని నాటిన రోజే నిండుగా నీళ్లు వదులుతారు, మొక్క పది రోజుల్లో పసుపెక్కి పోతుంది. దాని ఆకులు, కాండాలు గాలి గొట్టాల్లాంటివి. వేరుకు ఆక్సిజన్ వాటి గుండానే చేరాలి. అందుకని మొదటి మూడు నాలుగు వారాలు మట్టి తడిసి ముద్దగా ఉంటే చాలు, పైన నీళ్లు 2 సెం.మీ. దాటకూడదు. కొత్త పిలకలు కనబడ్డాక 5 సెం.మీ. దాకా పెంచవచ్చు. ఎప్పుడైనా ఆకు పొడవులో మూడింట రెండు వంతులు నీటి పైనే ఉండాలి. ఎండిన ఆకులు కోసేటప్పుడూ ఇదే లెక్క, నీటి మట్టానికి కింద కోస్తే మిగిలిన మోడులోకి నీళ్లు దిగి దుంప ఊపిరాడక చస్తుంది.

ట్రేతో పాటు అంటగట్టే పోషక బిళ్లలు తీసుకోకండి. చిత్తడి నేల తుంగకు అదనపు నత్రజని అక్కరలేదు, ఆ ఎరువుతో బలిసేది నాచూ జమ్మూ. ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఎరువు లోటు కాకపోవచ్చు, క్షారపు నీటిలో ఇనుము అందకపోవడమే ఎక్కువసార్లు కారణం. పేనుబంకకు నీటి జల్లు చాలు. పైరెత్రాయిడ్ రకం పురుగు మందులు చేపలకు విషం. బాతులున్న చోట మొదటి సీజన్ మొత్తం వల కట్టక తప్పదు. మొక్క వేరూనేలోపే అవి పీకేస్తాయి.

విత్తనాల ప్యాకెట్ ఎందుకు వద్దన్నామంటే, చల్లటి ప్రాంతాల కేరెక్స్ విత్తనాలు చాలావరకు నిద్రావస్థలో ఉంటాయి. తడి ఇసుకలో కలిపి 4 నుంచి 5 డిగ్రీల చలిలో ఒకటి నుంచి మూడు నెలలు ఉంచితే తప్ప లేవవు. మొలవడానికి వెలుగూ కావాలి కాబట్టి మట్టి మీద చల్లి వదిలేయాలి. మట్టి కప్పమని రాసిన ప్యాకెట్ తయారు చేసినవాళ్లకు ఈ మొక్క తెలియదనుకోవచ్చు. నారుమడి, ఓపిక రెండూ ఉన్నవాళ్లకు తాజా విత్తనం సరే. ఒడ్డున నేరుగా చల్లితే మొదటి అలకే కొట్టుకుపోతుంది.

దుబ్బు ముక్కలు చవక. చిగురు వేసే కాలంలో, తవ్విన రెండు మూడు రోజుల్లో చేతికొస్తే బాగా నాటుకుంటాయి కూడా. తడి గోనెలో చుట్టకుండా పంపినవి తీసుకోవద్దు.

ప్లాస్టిక్ లైనర్ వేసిన కుంటకు జాలీ బుట్టే దారి. 20 నుంచి 25 సెం.మీ. బుట్ట, లోపల గోనెపట్టా, బరువైన బంక కలిసిన తోటమట్టి, పైన 2 సెం.మీ. గులకరాళ్లు. కోకోపీట్ నింపి అమ్మినవి వచ్చిన వెంటనే మట్టి మార్చాలి, లేకపోతే నీళ్లన్నీ గోధుమ రంగుకు తిరిగి పొట్టు తేలుతుంది. రెండు మూడేళ్లలో దుబ్బు బుట్టను చీల్చుకుని బయటికొస్తుంది. అప్పుడు తీసి, మధ్యలో చచ్చిన భాగం పారేసి, అంచుల నుంచి మూడు నాలుగు పిలకలున్న ముక్కలు చేసి, ఆకులు 15 సెం.మీ.కి కత్తిరించి మళ్లీ నాటుకోవచ్చు. ముదురు దుబ్బుకు పార చాలదు, పళ్ల రంపం దగ్గర పెట్టుకోండి. ఆకు అంచులు చర్మం కోస్తాయి, చేతి తొడుగులు మరవొద్దు.