ఇండక్షన్ పొయ్యి, ఇనుప పలకతో బేరింగులు ఎక్కించడం: ఆరేళ్ల వాడకం తరువాత

ఇంటి వెనుక రేకుల షెడ్డులో నేను బాగుచేసేవి ఎక్కువగా బావుల మీద నడిచే 3, 5 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటార్లు, అప్పుడప్పుడు పిండిమర మోటార్లు. వాటిలో ఉండేవి 6205, 6206, 6306, కొంచెం పెద్దవాటిలో 6308 నంబరు బేరింగులు, అంటే రెండు ఉక్కు రింగుల మధ్య గోళీలు దొర్లే భాగాలు. 2019 నుంచి వీటిని వేడి చేసి, రంధ్రం కొద్దిగా విచ్చుకున్నప్పుడు షాఫ్టుకు (మోటారులో తిరిగే ఇరుసుకు) ఎక్కించడానికి వంటింట్లో వాడే ఇండక్షన్ పొయ్యిని, దాని మీద 10 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రని ఇనుప పలకను వాడుతున్నాను. ఈ ఏర్పాటు ఇంటి దగ్గర చేసుకునే ఇలాంటి పనికి పూర్తిగా సరిపోతుందని, అయితే దీని మంచి చెడ్డలు పొయ్యి కంటే వేడిని కొలిచే సాధనం మీదే ఎక్కువగా ఆధారపడతాయని ఆరేళ్ల తరువాత నమ్మకంగా చెప్పగలను.

అంతకు ముందు పైపు ముక్క, సుత్తి వాడేవాణ్ణి. పైపు లోపలి రింగు మీద సరిగ్గా ఆనినంత సేపు ఇబ్బంది లేదు గాని, ఒక్క దెబ్బ జారి బయటి రింగు మీద పడితే ఆ బలమంతా గోళీల గుండా పోయి, అవి దొర్లే గాడిలో కంటికి కనిపించని గుంటలు పడతాయి. మోటారు బిగించి తిప్పిన రోజున ఏమీ తెలియదు. కొన్ని వారాలకు శబ్దం మొదలవుతుంది. ఆ తరువాత నూనెలో వేడి చేసే పద్ధతికి మారాను. అందులో వేడి అన్ని వైపులా సమానంగా అందుతుంది, నిజమే. కాని పొగ, నిప్పు భయం, అడుగున పేరుకునే మడ్డి బేరింగులోకి చేరకుండా జాలీ మీద పెట్టవలసిరావడం, అన్నిటికీ మించి రబ్బరు సీళ్లు గాని రేకు షీల్డులు గాని ఉన్న బేరింగులను అందులో ముంచకూడదన్న పరిమితి వల్ల దాన్ని వదిలేశాను. ఇప్పుడు మోటార్లలో వచ్చేవి చాలా వరకు అలా గ్రీజు నింపి మూసినవే.

ఎంత వేడి కావాలో లెక్క కట్టుకుంటే భయం పోతుంది. ఉక్కు ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు తన కొలతలో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 6206 లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు కాబట్టి, గది వేడి కంటే 80 డిగ్రీలు పెంచితే రంధ్రం దాదాపు 29 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) విచ్చుకుంటుంది. షాఫ్టును కే6 అనే బిగువు కొలతకు తీసి ఉంటే అది 30 మిల్లీమీటర్ల కంటే 2 నుంచి 15 మైక్రాన్ల వరకు లావుగా ఉంటుంది. బేరింగు రంధ్రం 10 మైక్రాన్ల వరకు తక్కువగా ఉండవచ్చు. అంటే అతి గట్టి జోడీలో కూడా బిగువు 25 మైక్రాన్లు దాటదు, బేరింగు తన బరువుకే కిందికి జారుతుంది. 25 మిల్లీమీటర్ల 6205కు అదే వేడిలో వచ్చే విచ్చు 24 మైక్రాన్లే కాబట్టి అది కొన్నిసార్లు సగంలో పట్టేస్తుంది. అందుకే ముందుగా షాఫ్టును మైక్రోమీటరుతో కొలవడం అలవాటు చేసుకున్నాను.

మూత లేని బేరింగును 110 డిగ్రీల వరకు తీసుకువెళతాను. 120 దాటనివ్వను, ఎందుకంటే ప్లాస్టిక్ కేజ్ (గోళీలను ఎడంగా పట్టి ఉంచే చట్రం) ఉన్నవాటికి అక్కడి నుంచి ప్రమాదం మొదలవుతుంది. మూసి ఉన్నవాటిని 80 దగ్గర ఆపుతాను. అంత తక్కువ వేడికి విచ్చు చాలకపోతే షాఫ్టును చల్లబరచడమే మార్గం గాని బేరింగును ఇంకా కాల్చడం కాదు. గ్యాసు మంటతో నేరుగా కాల్చే అలవాటు మా వైపు ఇంకా ఉంది. ఆ మంట తగిలిన చోట ఉక్కు గట్టిదనం తగ్గిపోతుంది. ఒకచోట నీలి రంగు తిరిగిన రింగును చూస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ బేరింగు మోటారులోకి ఎక్కక ముందే పాడైపోయింది.

పలక 200 మిల్లీమీటర్ల వ్యాసంతో రెండున్నర కిలోల బరువు ఉంటుంది. పొయ్యి మీద బేరింగును నేరుగా పెడితే, 62 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న 6206 లాంటిదాన్ని పొయ్యి గిన్నెగా గుర్తించనే గుర్తించదు. పలక ఉన్నప్పుడు పొయ్యి పుట్టించే అయస్కాంత క్షేత్రం దాని అడుగు పొరలోనే ఆగిపోతుంది, బేరింగుకు అందేది మామూలు వేడి మాత్రమే. రెండు రింగుల అంచులూ పలకకు ఆనుతాయి. అతి తక్కువ పవరులో పెట్టి, పైన స్టీలు గిన్నె బోర్లించి, ఒకసారి తిరగేస్తే పావుగంటలో 6206 సిద్ధమవుతుంది. తొందర ఉన్నవారికి ఇది నెమ్మదిగానే అనిపిస్తుంది. నేను మాత్రం ఆ సమయంలో షాఫ్టు మీది గరుకు తీసి, తుడిచి, పలచగా నూనె రాస్తాను.

ఇక వేడిని కొలవడం గురించి చెప్పాలి. మొదటి ఏడాది తుపాకీ ఆకారంలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును నమ్మాను. ఒకరోజు అది 60 చూపిస్తుండగానే రబ్బరు సీలు అంచు నుంచి గ్రీజు కారింది. థర్మోకపుల్ (కొన తాకిన చోట వేడిని కొలిచే తీగ) తాకించి చూస్తే 130 ఉంది. మెరిసే లోహం వేడిని చాలా తక్కువగా వెదజల్లుతుంది, ఆ సాధనమేమో నల్లని, మెరుపు లేని ఉపరితలానికి తగ్గట్టు లెక్క కడుతుంది. అందువల్ల తళతళలాడే రింగు మీద అది చూపే అంకె అసలు వేడికి దరిదాపుల్లో కూడా ఉండదు. ఆ బేరింగును పక్కన పడేయవలసి వచ్చింది. ఇన్‌ఫ్రారెడ్‌తోనే కొలవాలనుకునేవారు రింగు అంచు మీద మార్కరుతో నల్లని మచ్చ పెట్టి దాన్ని గురి చూడాలి. నేను కే టైపు థర్మోకపుల్‌కు మారాను: పలక పక్క నుంచి రంధ్రం వేసి ఒక తీగను అందులో ఉంచుతాను, రెండోదాన్ని లోపలి రింగుకు ఆనిస్తాను. పొయ్యి నడుస్తున్నప్పుడు మీటరులో అంకెలు ఎగిరెగిరి పడతాయి. చదివే ముందు పొయ్యిని ఆపాలి.

ఎక్కించే క్షణం చాలా చిన్నది. షాఫ్టు నిలువుగా బిగించి, తోలు చేతితొడుగులతో బేరింగును పట్టి, వంకర లేకుండా ఒకే ఊపులో మెట్టు దాకా, అంటే షాఫ్టు లావయ్యే చోటి దాకా, దించాలి. అంతటితో చేయి తీసేస్తే పొరపాటు. చల్లారేటప్పుడు రింగు వెడల్పులో కూడా కుంచించుకుంటుంది గనుక మెట్టుకు, బేరింగుకు మధ్య సందు మిగిలిపోతుంది. అది షాఫ్టును గట్టిగా పట్టుకునే దాకా పైపు ముక్కతో లోపలి రింగును నొక్కి పట్టుకోవాలి. సగంలో పట్టేస్తే సుత్తి అందుకోకుండా వెంటనే పుల్లరుతో తీసి మళ్లీ వేడి చేస్తాను. 17 మిల్లీమీటర్ల 6203, అంతకంటే చిన్నవాటికి ఈ పద్ధతి అనవసరం. వాటిలో వేడి నిలవదు, చల్లగానే వైస్‌లో నొక్కి ఎక్కించవచ్చు.

లోపం చెప్పాలంటే, మొదటి పొయ్యి మూడో ఏట పాడైపోయింది. దాని ఫ్యాను అడుగు నుంచి గాలి పీల్చుకుంటుంది. గ్రైండరు నుంచి రాలిన ఇనుప పొడి ఆ గాలితో లోపలికి చేరి బోర్డు కాలిపోయింది. అది పొయ్యి తప్పు కాదు, దాన్ని వంటింటి కోసం తయారు చేశారు. రెండోదాన్ని గ్రైండరుకు దూరంగా, గోడకు బిగించిన చెక్క అర మీద పెట్టి, పని లేనప్పుడు గుడ్డ కప్పి ఉంచుతున్నాను. ఇప్పటి వరకు దాన్ని విప్పవలసిన అవసరం రాలేదు.