సొంత విమానం రంగైలుండలోనా, అద్దె విమానం అమెరికాలోనా: ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి ఈమధ్య ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవాళ్లలో కొందరికి ప్రైవేటు పైలట్ లైసెన్సు చేతిలో ఉంది, కొందరికి రేపోమాపో వస్తుంది. "అన్నా, నలుగురం కలిసి ఒక పాత సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం) కొని, బరంపురం పక్కనున్న రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్‌లో పెట్టుకుందామా? లేకపోతే ఏడాదికోసారి అమెరికాలో అక్క దగ్గరికి వెళ్లి, అక్కడ విమానం అద్దెకు తీసుకుని ఫ్లై-ఇన్‌లు (పైలట్లు విమానాల్లో వచ్చి కలిసే జాతరలు) తిరిగి, వీలైతే సరిహద్దు దాటి కెనడాలో దిగి రావడం మేలా?" మొన్న నాకూ అలాంటి పొత్తు బేరమే ఒకటి వచ్చింది. కాగితాలన్నీ చూసి వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో రాస్తే అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టవుతుంది. లైసెన్సు, మెడికల్, రేడియో పరీక్షల సంగతి మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా.

ముందు డబ్బు. ఇంట్లో మొదట అడిగేది అదే కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత వాడకానికి కొనే విమానం మీద జీఎస్‌టీ 40 శాతం. పాతది ఎవరి దగ్గరో దొరికిందనుకున్నా, హ్యాంగరు, ఇన్సూరెన్సు, ఏటా ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ (విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ), సంతకం పెట్టే ఇంజినీరు రానూపోనూ ఖర్చులు ఎగిరినా ఎగరకపోయినా తప్పవు. అమెరికాలో అయితే సెస్నా 172 అద్దె చాలాచోట్ల గంటకు 150 నుంచి 200 డాలర్ల మధ్య ఉంటుంది, పెట్రోలు అందులోనే. ఏడాదికి వంద గంటలు ఎగిరేవాడికి సొంతమే చవకని వాదించొచ్చు. మనలో వంద గంటలు ఎగిరేది ఎవరో చెప్పండి. ముప్పై దాటితే గొప్ప. అందుకే నేను డబ్బు దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

నా లెక్కలో అసలు తేల్చేది వేరే ఉంది. ఆదివారం పొద్దున్న లేచి, ఆకాశం బాగుంది కదా అనుకుంటే, ఎక్కడికి వెళ్లి దిగుతాం?

రంగైలుండ నుంచి బయల్దేరామనుకోండి. పడమరకు వెళ్తే రాయగడ దగ్గర తెరుబలి స్ట్రిప్ ఉంది, అది ఫెర్రో అల్లాయ్స్ కంపెనీది. ఇంకా ముందుకు వెళ్తే జయపురం, కలహండిలో ఉత్కెలా, 2024 జనవరిలో ప్రారంభమైన మల్కన్‌గిరి. ఇవి రాష్ట్ర ప్రభుత్వం పట్టాలెక్కించిన స్ట్రిప్‌లు. ముందుగా రాసి అనుమతి తెచ్చుకోకుండా ఊరికే వెళ్లి దిగడం కుదరదు. దక్షిణాన వైజాగ్, నేరుగా గీత గీస్తే సుమారు 250 కిలోమీటర్లు. కానీ అది నేవీ వాళ్ల విమాన స్థావరం, ఐఎన్ఎస్ డేగా. రన్‌వే ఖాళీ ఎప్పుడుంటే అప్పుడే మన వంతు. ఉత్తరాన భువనేశ్వర్‌లో పెద్ద విమానాల మధ్య మనం దూరాలి. అంటే ఒకటిన్నర గంట దూరంలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒక్కటి కూడా "వస్తున్నాం" అని ఫోన్ చేసి వెళ్లేది కాదు.

ఆ తర్వాత గాలిలోకి లేవడానికి అనుమతి. మన దేశంలో ఫ్లైట్ ప్లాన్ వేసి, ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబరు, ఎయిర్ డిఫెన్స్ వాళ్ల ఏడీసీ అనే అనుమతి నంబరు చేతికి వచ్చేదాకా చక్రం కదలకూడదు. టవర్ లేని స్ట్రిప్‌లో నిలబడి, ఒక చేతిలో ఫోను, మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని కోల్‌కతా లైను కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. ఎండెక్కుతుంది, కాక్‌పిట్ కొలిమవుతుంది, కొండల మీద మబ్బు కూడుతుంది. పక్కనే గోపాలపూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. అక్కడ ఫైరింగ్ ఉన్న రోజు సముద్రం వైపు చూడనక్కర్లేదు. సాయంత్రం సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలు దాటితే వీఎఫ్ఆర్, అంటే కంటితో చూసుకుంటూ ఎగిరే పద్ధతి, ముగిసినట్టే. కాబట్టి ఆలస్యమైతే దిగిన ఊళ్లోనే పడక.

పెట్రోలు గొడవ ఇంకొకటి. సెస్నా 172 తాగేది ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు. ఇండియన్ ఆయిల్ దాన్ని ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టిందే 2022లో. అదైనా డ్రమ్ముల్లో ఫ్లయింగ్ స్కూళ్లున్న చోటికి వెళ్తుంది. జయపురానికి తొమ్మిది సీట్ల కారవాన్ విమానం నడిపారు కదా అంటారు. అది తాగేది జెట్ ఫ్యూయల్, మనకు పనికిరాదు. వైజాగ్ వెళ్లి రావడానికి ఒక ట్యాంకు సరిపోతుంది. ఇంకా పైకి పోవాలంటే డ్రమ్ము ముందే పంపించి పెట్టుకోవాలి. కొని తీరతామని పట్టుబట్టేవాళ్లకు నా మాట ఒకటే: జెట్ ఫ్యూయల్‌తో నడిచే డైమండ్ డీఏ40 ఎన్‌జీ చూడండి, లేదా మామూలు పెట్రోలుతో నడిచే రోటాక్స్ ఇంజినుది చూడండి. పాత 172 మాత్రం ఈ జిల్లాల్లో మెడకు డోలే.

ఇప్పుడు అక్కడి సంగతి. విస్కాన్సిన్ లాంటి చోట మన మండల కేంద్రమంత ఊరికి కూడా ఒక రన్‌వే ఉంటుంది. చాలావాటికి టవర్ ఉండదు, మనిషీ ఉండడు. రేడియోలో మనమెక్కడున్నామో మనమే చెప్పుకుంటూ దిగుతాం. పంపు దగ్గర ఆపి, రెక్కకు ఎర్త్ క్లిప్పు తగిలించి, క్రెడిట్ కార్డు గీకి, గొట్టం పట్టుకుని మనమే నింపుకుంటాం. దేశం లోపల వీఎఫ్ఆర్‌కు ఫ్లైట్ ప్లాన్ కూడా తప్పనిసరి కాదు. శనివారం పొద్దున్న ఏదో ఊళ్లో పాన్‌కేక్ టిఫిన్ పెడతారు. అది తినడానికి నలభై యాభై విమానాలు గడ్డిలో వచ్చి వాలతాయి. ఫ్లై-ఇన్ అంటే మామూలుగా అదే. మన దగ్గర దానికి సాటి ఏదీ లేదు. బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన, టికెట్టు కొని చూసి వచ్చేది.

ఫ్లై-ఇన్‌లలో పెద్దది జూలై చివర్లో విస్కాన్సిన్‌లోని ఓష్‌కోష్ ఊళ్లో జరుగుతుంది. పది వేలకు పైగా విమానాలు వస్తాయి కాబట్టి దిగే పద్ధతే వేరు. రిపన్ అనే ఊరి దగ్గర వరుసలో చేరాలి. రైలు పట్టాల వెంట 1,800 అడుగుల ఎత్తులో 90 నాట్ల వేగంతో ఫిస్క్ అనే ఊరి దాకా పోవాలి. ముందు విమానానికి అర మైలు ఎడం. మైకు నొక్కకూడదు. కింద కొండ మీద నుంచి కంట్రోలర్ మన రంగు చూసి, రెక్కలు ఊపమంటాడు. ఊపితే అదే జవాబు. తర్వాత రన్‌వే మీద వేసిన రంగు చుక్క పేరు చెప్పి, దాని మీద దిగమంటాడు. మనం ఒక చుక్క మీద వాలుతుంటే ముందు చుక్క మీద ఇంకొకడు దొర్లుతుంటాడు. అద్దె విమానంతో వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. అద్దెకిచ్చే క్లబ్బు ముందుగా చెకౌట్ ఫ్లైట్ (మన చేతివాటం చూసే పరీక్ష) చేయిస్తుంది. విమానాన్ని రాత్రిళ్లు బయట ఉంచితే రోజుకు కనీసం ఇన్ని గంటలని కట్టమంటుంది. ఓష్‌కోష్ వద్దని నిబంధన పెట్టే క్లబ్బులూ ఉన్నాయి. టికెట్టు కొనకముందే అడగండి.

సరిహద్దు దాటడం విషయానికొస్తే, మన వైపు వాళ్లకు బిజూబాబు (బిజూ పట్నాయక్) గుర్తుకు రాకుండా ఉండరు. 1947 జూలైలో డకోటా విమానం తీసుకుని జావా వెళ్లి, డచ్చివాళ్ల కన్నుగప్పి ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను సింగపూర్ మీదుగా ఢిల్లీకి తెచ్చిన మనిషి. ఆయన కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా ఒకటి 2023లో భువనేశ్వర్ విమానాశ్రయం దగ్గర పెట్టారు. బరంపురంలో ఈ కథ చెప్పగానే "మనమెందుకు వెళ్లలేం?" అని ఎవరో ఒకరు అంటారు. వెళ్లొచ్చు. కానీ బయటి దేశానికి పోవాలన్నా, రావాలన్నా కస్టమ్స్ ఉన్న విమానాశ్రయం నుంచే పోవాలి, రావాలి. అవతలి దేశం అనుమతి ముందే చేతిలో ఉండాలి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు మాత్రం పైనుంచి తెలియదు, ఇచ్ఛాపురం ఎప్పుడు దాటామో జీపీఎస్ చూసుకోవాలి.

అమెరికా నుంచి కెనడా వెళ్లడం కాగితాల పనే, కానీ అవన్నీ కుర్చీలో కూర్చుని ముగించే కాగితాలు. అమెరికా వదిలే ముందు, తిరిగొచ్చే ముందు ఈఏపీఐఎస్ అనే అమెరికా కస్టమ్స్ వెబ్‌సైటులో పేర్లు పంపాలి, బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందు. కెనడా కస్టమ్స్‌కు దిగే సమయానికి 2 నుంచి 48 గంటల ముందు ఫోన్ చేయాలి. సరిహద్దు దాటేటప్పుడు ఫ్లైట్ ప్లాన్ తప్పదు. అవతల మొదట దిగేది కస్టమ్స్ గుర్తించిన చోటే కావాలి. దిగాక మళ్లీ ఫోన్ చేస్తే, అధికారి వచ్చి చూడొచ్చు, లేదా ఒక నంబరు చెప్పి వెళ్లమనొచ్చు. ఆ నంబరు రాసి దాచుకోండి. విమానానికి ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ) రేడియో స్టేషన్ లైసెన్సు, కస్టమ్స్ డెకాల్ (స్టిక్కరు), కెనడాలో చెల్లే ఇన్సూరెన్సు ఉన్నాయేమో యజమానిని అడగాలి. చాలా అద్దె విమానాలు ఆగిపోయేది అక్కడే. మన పాస్‌పోర్టు వాళ్లకు కెనడా వీసా విడిగా కావాలి, గ్రీన్‌కార్డు ఉన్న అక్కాబావలకు అక్కర్లేదు.

ఇంత రాశాక ఇక్కడ ఎగరడంలో ఏమీ లేదని అనుకోకండి. చలికాలం పొద్దున్న చిలికా మీద ఎగురుతూ చూస్తే వలల గీతలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. మహేంద్రగిరి పక్కగా వెళ్తుంటే ఆ దారంతటికీ మీరొక్కరే, ఫ్రీక్వెన్సీలో ఇంకో గొంతు వినిపించదు. పక్క సీట్లో అమ్మను కూర్చోబెట్టుకుని మన ఊరి గుడి చూపించే వీలు విస్కాన్సిన్‌లో ఎక్కడిది? దీనికోసమే కొంటామంటే నేను వాదించను. అలాంటివాళ్లకు ఏడాదికి నాలుగు మంచి రోజులు దొరికినా చాలు.

మైక్రోలైట్ గురించి కూడా అడుగుతున్నారు. ఊరి చుట్టూ తిరగడానికి బాగుంటుంది, ఊరు దాటితే పైన చెప్పిన గొడవలన్నీ దానికీ ఉన్నాయి. వీపుకు మోటారు కట్టుకుని ఎగిరే పారామోటార్ సరదా వేరు, ఈ పోలికలోకి రాదు. జయపురం నుంచి వైజాగ్‌కు తొమ్మిది సీట్ల విమానంలో ప్రయాణికుడిగా వెళ్తే, ముందు సీటు దొరికితే కిటికీ బాగుంటుంది, అంతే.

అద్దె వైపు మొగ్గినవాళ్లకు ఒక్క మాట. మన లైసెన్సు మీద అమెరికా లైసెన్సు ఇవ్వాలంటే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ముందు మన విమానయాన సంస్థ డీజీసీఏతో సరిచూసుకుంటుంది. ఆ వెరిఫికేషన్ ఉత్తరానికి కనీసం మూడు నెలల ముందు దరఖాస్తు పెట్టండి. వచ్చిన ఉత్తరం ఆరు నెలలే చెల్లుతుంది. తర్వాత వాళ్ల ఆఫీసుకు స్వయంగా వెళ్లాలి, అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ చేయాలి. జూలైలో ఓష్‌కోష్ అనుకుంటే ఫిబ్రవరి, మార్చిలోనే పని మొదలుపెట్టాలి. జూలైలో ఇక్కడ ఎలాగూ వానలు, సొంత విమానం ఉన్నవాళ్లు కూడా హ్యాంగర్ తలుపు తీయరు.