అంపైర్ మాటా, డీఆర్ఎస్సా, లేక అంతా మెషీన్‌కే వదిలేయడమా: ఏది మేలు?

ముందు రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టి చూద్దాం. 2010 అక్టోబర్, మొహాలీ టెస్టు. ఆస్ట్రేలియా మీద 216 కొట్టాలి, మన హైదరాబాదీ లక్ష్మణ్ నడుం పట్టేసి రైనాని రన్నర్‌గా పెట్టుకుని ఆడుతున్నాడు, ఇంకా 6 పరుగులు కావాలి, చేతిలో ఉన్నది ఒక్క వికెట్టే. జాన్సన్ వేసిన బంతి ఓజా ప్యాడ్‌కి తగిలింది, టీవీలో చూసిన ఎవరికైనా అది ఔటే, కానీ అంపైర్ బిల్లీ బౌడెన్ వేలెత్తలేదు. ఆ కంగారులోనే రనౌట్ కోసం విసిరిన బంతి ఓవర్‌త్రో అయి 4 పరుగులు వచ్చాయి, మనం ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. ఆ సిరీస్‌లో డీఆర్ఎస్, అంటే అంపైర్ నిర్ణయాన్ని టీవీలో మళ్లీ చూడమని జట్టు రివ్యూ అడిగే పద్ధతి, లేదు, మన బోర్డు దానికి ఒప్పుకోలేదు మరి.

రెండోది 2019 ఆగస్టు, హెడింగ్లీలో ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా టెస్టు. ఇంగ్లాండ్‌కి 2 పరుగులు కావాలి, అక్కడా ఆఖరి వికెట్టే. లయన్ బంతి స్టోక్స్ ప్యాడ్‌కి తగిలితే అంపైర్ జోయెల్ విల్సన్ నాటౌట్ అన్నాడు. ఇక్కడ డీఆర్ఎస్ ఉంది, బంతి దారి గీసి చూపించే హాక్ ఐ ఉంది, అన్నీ ఉన్నాయి, కానీ ఆస్ట్రేలియా దగ్గర రివ్యూ మిగల్లేదు, కాస్త ముందే లీచ్ మీద లెగ్ స్టంప్ బయట పడ్డ బంతికి వాడేసుకున్నారు. తర్వాత స్క్రీన్ మీద మూడూ ఎరుపే కనిపించాయి, అంటే ఔటే. స్టోక్స్ 135 నాటౌట్, ఇంగ్లాండ్ గెలుపు.

టెక్నాలజీ లేని చోట ఒక తప్పు, ఉన్న చోట కూడా అచ్చం అదే తప్పు. అందుకే అంపైర్ మేలా మెషీన్ మేలా అని గంపగుత్తగా అడిగితే జవాబు దొరకదు అనిపిస్తుంది నాకు, ఏ నిర్ణయానికి ఎవరు మేలు అని విడగొట్టి చూసుకోవాలి.

నేను మా జిల్లాలో లెదర్ బాల్ మ్యాచ్‌లకి కొన్నేళ్లు అంపైరింగ్ చేశాను కాబట్టి అక్కడ నిలబడితే ఎలా ఉంటుందో చెప్తా. బౌలర్ పరిగెత్తుకొస్తుంటే మన కళ్లు కింద క్రీజు గీత మీద ఉండాలి, అతని మడమ గీత దాటిందా లేదా చూసి వెంటనే తలెత్తి బంతిని పట్టుకోవాలి, గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేసేవాడైతే బంతి బ్యాట్స్‌మన్‌ని చేరడానికి సుమారు అర సెకనే పడుతుంది. మా దగ్గర అంత స్పీడ్ ఎవరూ వేయరు, అయినా తల ఎత్తేసరికి బంతి సగం దారి దాటేసి ఉండేది. ఒకసారి ఒక కుర్రాడికి ఎల్బీ (బంతి బ్యాట్‌కి తగలకుండా ప్యాడ్‌కి తగిలింది, లేకపోతే వికెట్లకి తగిలేదే అని ఇచ్చే ఔట్) ఇచ్చాను, టక్ అని వినిపించింది ప్యాడ్ అనుకున్నా, మ్యాచ్ అయ్యాక వాడు ఒక్క మాట కూడా అనకుండా బ్యాట్ తెచ్చి చూపించాడు, లోపలి అంచు మీద గోరంత ఎర్ర మరక, కొత్త బంతి రంగు. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి నోబాల్, రనౌట్ లాంటి గీత లెక్కలు పూర్తిగా కెమెరాకే ఇవ్వాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. రనౌట్‌కి టీవీ చూసి తేల్చే థర్డ్ అంపైర్ 1992లోనే వచ్చాడు, డర్బన్‌లో అలా ఔటైన మొదటి ఆటగాడు మన సచినే. ఫ్రంట్ ఫుట్ నోబాల్ మాత్రం టెస్టుల్లో థర్డ్ అంపైర్ చేతికి వెళ్లేసరికి 2020 అయింది. అంతకుముందు ఏడాదే బెంగళూరులో ముంబైతో ఐపీఎల్ మ్యాచ్‌లో మలింగ వేసిన ఆఖరి బంతి నోబాల్ అయినా ఎవరూ చూడలేదు. ఆ నోబాల్ పని నెత్తి మీద నుంచి దిగిపోతే అంపైర్ కళ్లు మొదటి నుంచీ బంతి మీదే ఉంటాయి, ఎల్బీలు కూడా ఇంకా బాగా ఇవ్వగలడు, ఈ లాభం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు.

బంతి బ్యాట్ అంచుకి తగిలి కీపర్ చేతిలో పడే క్యాచ్ బిహైండ్ దగ్గరికొస్తే వ్యవహారం ఇంత తేలిక కాదు. ఆస్ట్రేలియాతో 2008 సిడ్నీ టెస్టు మనలో ఎవరూ మర్చిపోలేదు. సైమండ్స్ 30 మీద ఉన్నప్పుడు ఇషాంత్ బంతికి ఎడ్జ్ ఇచ్చాడు, అంపైర్ బక్నర్ నాటౌట్ అన్నాడు, అతను 162 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. ఆఖరి రోజు ద్రవిడ్ బ్యాట్ ప్యాడ్ వెనక దాచుకుని ఉంటే బక్నర్ క్యాచ్ ఔట్ ఇచ్చేశాడు. 122 పరుగులతో ఓడిపోయాం, తర్వాతి పెర్త్ టెస్టు నుంచి బక్నర్‌ని తప్పించారు. ఆ రోజు బ్యాట్‌కి తగిలిన శబ్దం పట్టే అల్ట్రా ఎడ్జ్, రివ్యూ ఉంటే ఆ రెండూ మారేవి అని నా నమ్మకం.

కానీ ఆస్ట్రేలియాతో 2024 పెర్త్ టెస్టు చూడండి. రాహుల్ 26 మీద ఉన్నాడు, స్టార్క్ బంతి, ఫీల్డ్ అంపైర్ నాటౌట్ అన్నాడు, రివ్యూలో స్నికోలో (శబ్దాన్ని గీతగా చూపించే మెషీన్) గీత వచ్చింది, థర్డ్ అంపైర్ ఔట్ అన్నాడు. ఆ శబ్దం బ్యాట్ ప్యాడ్‌కి తగిలినందుకు వచ్చిందేమో అని రాహుల్ సైగ చేస్తూనే ఉన్నాడు, ముందు నుంచి చూపించే యాంగిల్ ఆ టైమ్‌కి దొరకలేదు. అదే సిరీస్‌లో మెల్‌బోర్న్, మన వైజాగ్ కుర్రాడు నితీష్ సెంచరీ కొట్టిన టెస్టే, 84 మీద ఉన్న జైస్వాల్‌కి స్నికోలో ఏమీ రాలేదు, కానీ బంతి దారి మారినట్టు కంటికి కనిపించిందని ఔట్ ఇచ్చారు. నాకు మెల్‌బోర్న్ నిర్ణయం కరెక్టే అనిపించింది, పెర్త్‌ది తప్పనిపించింది, మనవాళ్లిద్దరూ ఔటైనా సరే. మెషీన్ శబ్దం ఉందో లేదో చెప్తుంది గానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో మనిషే తేల్చాలి, నేను మా గ్రౌండ్‌లో చేసిన తప్పే అక్కడ టీవీ ముందు కూర్చుని కూడా చేయొచ్చు. కాబట్టి ఇక్కడ ఇద్దరూ కావాలి, పైగా ముందు యాంగిల్ లేకుండా నాటౌట్‌ని ఔట్‌గా మార్చకూడదు.

ఎల్బీకి మాత్రం నేను అంపైర్స్ కాల్ వైపే, అంటే బంతి వికెట్ కొసకే తగిలేలా ఉంటే మైదానంలో అంపైర్ చెప్పిందే నిలవడం. బంతి వికెట్‌ని కాస్త తాకినా ఔటే ఇవ్వాలి కదా అంటారు చాలామంది, వాళ్ల బాధ అర్థమవుతుంది, ఒకే బంతికి ఒకరు ఔట్ ఇంకొకరు నాటౌట్ అయితే మండుతుంది మరి. కానీ ప్యాడ్‌కి తగిలే వరకే కెమెరా నిజంగా చూసేది, ఆ తర్వాత గీసేది అంచనా. అంచనాలో సగం బంతి కూడా తగలనప్పుడు మైదానంలో చూసినవాడి మాట నిలవడం న్యాయమే. అదీగాక అన్నీ మెషీన్‌కే వదిలేస్తే కొసకి తగిలే ప్రతి బంతీ ఔటే, టెస్టులు మూడు రోజుల్లోనే అయిపోతాయేమో.

నాకున్న అసలు పేచీ రివ్యూల లెక్కతోనే. వృథా చేసుకోగలిగేవి ఒక్కో జట్టుకి టెస్టు ఇన్నింగ్స్‌కి 3, వన్డేలో టీ20లో 2. తప్పు చేసింది అంపైర్, దాన్ని సరిచేయించుకునే అవకాశం అయిపోయినందుకు శిక్ష మాత్రం జట్టుకి, 2013లో ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా యాషెస్ సిరీస్‌లో బ్రాడ్ ఎడ్జ్ స్లిప్‌లో క్లార్క్ చేతిలో పడినా అంపైర్ ఔట్ ఇవ్వలేదు, ఇలాగే అయింది, ఆస్ట్రేలియా దగ్గర రివ్యూ లేదు, 14 పరుగులతో ఓడింది. రివ్యూలు అయిపోయాక కూడా అంత పచ్చిగా కనిపించే తప్పు ఉంటే థర్డ్ అంపైర్ తనంతట తానే చెవిలో చెప్పేయాలి, ఒక్క రీప్లేలో తేలిపోయేవే, అంతకంటే ఎక్కువ చూడాల్సి వస్తే వదిలేయాలి. టైమ్ వేస్ట్ అంటారు గానీ బ్యాట్స్‌మన్ గ్లోవ్స్ మార్చుకునేలోపు అయిపోయే పని అది.

మా లోకల్ మ్యాచ్‌ల సంగతి అడిగితే, ఈ మధ్య స్క్వేర్ లెగ్ దగ్గర క్రీజుకి సరిగ్గా తిన్నగా ఒక ఫోన్ స్టాండ్ మీద పెడుతున్నారు, రనౌట్లకీ స్టంపింగ్‌లకీ బాగానే పనికొస్తోంది, గొడవలు బాగా తగ్గాయి. అదే ఫోన్ చూపించి ఎల్బీ అడిగితే మాత్రం ఇవ్వకండి, పక్క నుంచి తీసిన వీడియోలో లైన్ తెలియదు.