నాలుగేళ్ల సీహెచ్‌డీ వాడకం: వెరిఫై నన్ను ఎక్కడ కాపాడింది, ఎక్కడ చేతులెత్తేసింది

నా దగ్గరున్నవి ప్లేస్టేషన్, ప్లేస్టేషన్ 2 డిస్కులే, అరవై పైచిలుకు. సగం కాలేజీ రోజుల్లో కొన్నవి, సగం ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఏరుకున్నవి. వాటి కాపీలన్నీ నాలుగేళ్లుగా సీహెచ్‌డీలోనే, అంటే డిస్కు మొత్తాన్ని కుదించి ఒకే ఫైల్లో పెట్టే ఫార్మాట్‌లోనే దాస్తున్నా. సైజు తగ్గుతుందని అందరూ చెప్పేదే. నేను పడిపోయింది ఫైలు చెడిందో లేదో చూసి చెప్పే వెరిఫై కమాండ్‌కి.

అంతకుముందు బిన్ (డిస్కులోని డేటా), క్యూ (ఏ ట్రాక్ ఏ బిన్‌లో ఉందో చెప్పే పట్టిక) ఫైళ్లతో పడ్డ పాట్లు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాటలు ఆడియో ట్రాక్‌లుగా ఉన్న ఒక రేసింగ్ గేమ్‌కే బోలెడు బిన్ ఫైళ్లు. పేర్లు బాగాలేవని ఓ మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని అన్నీ మార్చేశా. క్యూ ఫైల్లో పాత పేర్లే ఉన్నాయన్న ధ్యాసే లేదు. గేమ్ తెరుచుకోకపోతే డిస్కే పాడైందనుకున్నా. సీహెచ్‌డీలో ట్రాక్‌లన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, ఆడియోని ఏదీ పోగొట్టకుండా కుదించే ఫ్లాక్‌తో కుదిస్తుంది కాబట్టి పాట నాణ్యత కూడా పోదు.

అసలు సంగతి పోయినేడు ఎండాకాలంలో జరిగింది. పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి పరుగెత్తి కొత్తది తెచ్చి అంతా కాపీ చేశా. విండోస్ ఒక్క మాటా అనలేదు, పచ్చ గీత నిండింది, అయిపోయింది. ఎందుకైనా మంచిదని రాత్రి పడుకునేముందు ఫైళ్లన్నింటికీ వరసగా వెరిఫై పెట్టా. పొద్దున చాయ్ గ్లాసుతో వచ్చి చూస్తే మూడు ఫైళ్ల దగ్గర డీకంప్రెషన్ ఎర్రర్. పాత డిస్క్‌లోనే చెడ్డాయో, కేబుల్ వదులో తెలీదు. రెండింటికి అసలు డిస్కులు అలమరాలో ఉన్నాయి, మళ్లీ డంప్ చేశా, అంటే డిస్కు నుంచి కాపీ తీశా. మూడోదాని కాపీ మా తమ్ముడి పెన్‌డ్రైవ్‌లో దొరికింది. అదే ఇలాంటి తనిఖీ లేని మామూలు ఐఎస్ఓ కాపీ అయ్యుంటే ఏ రెండేళ్లకో ఆడేటప్పుడు గానీ తెలిసేది కాదు.

ఆ పొద్దుటి నుంచి కనిపించినవాడికల్లా సీహెచ్‌డీ గురించి చెప్పా. దసరా సెలవుల్లో మేనల్లుడు వచ్చి నా నోరు కాస్త మూయించాడు. "మామా, మళ్లీ ఆగిపోయింది." ఎన్నిసార్లు ఆడినా అదే లెవెల్, అదే మలుపు. వెరిఫై చేస్తే సక్సెస్‌ఫుల్ అంటుంది! అది ఆబిడ్స్‌లో కొన్న డిస్కు, అద్దం మీద గోరు గీసినట్టు గీతలు. డంప్ చేసిన రోజు రీడ్ ఎర్రర్లు వస్తే ఇగ్నోర్ నొక్కింది నేనే. సీహెచ్‌డీ లోపల దాచుకునే షా1 హ్యాష్, అంటే డేటాకి వేలిముద్రలాంటి అంకె, మనం ఇచ్చిన డేటాది, అసలు డిస్కుది కాదు. చెత్త ఇస్తే చెత్తనే బంగారంలా కాపాడుతుంది. సరైన డిస్కు కాపీల హ్యాష్‌లు దాచే రీడంప్ డేటాబేస్‌తో మన హ్యాష్‌లు పోల్చడం సీహెచ్‌డీగా మార్చకముందే చేయాల్సిన పని. నేను బిన్‌లు తీసేశా. సీహెచ్‌డీలు చేసే, విప్పే ప్రోగ్రామ్ సీహెచ్‌డీమ్యాన్ నా పాత వెర్షన్‌తో తిరిగి విప్పితే ట్రాక్‌లన్నీ ఒకే బిన్‌గా వచ్చాయి, రీడంప్‌లోనేమో ట్రాక్ ట్రాక్‌కీ హ్యాష్ విడివిడిగా ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (కన్సోల్‌లా నటించే ప్రోగ్రామ్) మీద ఆడే నాబోటివాళ్లకు ఇది సరిపోతుంది. నింటెండో గేమ్‌క్యూబ్, వీ (Wii) డిస్కులున్నవాళ్లు డాల్ఫిన్ ఎమ్యులేటర్ వాళ్ల ఆర్‌వీజెడ్ ఫార్మాట్ చూసుకోవాలి. అసలు ప్లేస్టేషన్ 2 మీద, డిస్కు లేకుండా ఫైళ్ల నుంచి గేమ్ నడిపే ఓపీఎల్‌తో ఆడేవాళ్లకు మాత్రం సీహెచ్‌డీ పనికిరాదు, ఓపీఎల్ దాన్ని చదవదు. మేనల్లుడికి టీవీ మీదే ఆడాలట. వాడి కోసం నాలుగు గేమ్‌లు మళ్లీ ఐఎస్ఓలుగా విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టా.